మూడో రోజు పసుపు పొగ

మొన్న చలి ముదిరిన వారంలో నాకు పడిశం పట్టింది, రెండు రోజులు తిరక్కుండానే మనవరాలికీ అంటుకుంది. ఆరో తరగతి చదివే ఆ పిల్ల దుప్పటి కప్పుకొని నా పక్కన కూర్చుని, పడిశానికి ఏం తినాలో ఏం మానాలో ఫోనులో వెతికి పైకి చదువుతుంటే, ఒకరు పెరుగు మానమంటారు, ఇంకొకరు పెరుగే తినమంటారు, అరటిపండు దగ్గరైతే పెద్ద కొట్లాటే నడుస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఈ పరిశోధనంతా నలభై ఏళ్ల కిందటే, ఇదే నారాయణఖేడ్‌లో, ఇదే ఇంట్లో, ఒక నోటుబుక్కు నిండా చేసినవాణ్ణి నేను. నవ్వుతూనే రోజులు లెక్కపెట్టుకున్నాను. నాకది మూడో రోజు. తల తిప్పి గడియారం వైపు చూశాను.

అప్పుడు నేను మనూర్ బడిలో కొత్తగా చేరిన సైన్సు మాస్టరును. రోజూ అక్కడికి పోయివచ్చే బస్సు దుమ్ము, సుద్దముక్కల పొడి కలిసి నెలకోసారి పడిశం తెచ్చిపెట్టేవి. ఏదీ పరీక్షించకుండా నమ్మకూడదన్న పొగరు నాది. ఒక పడిశానికి పెరుగు మానడం, ఇంకోదానికి మూడు పూటలా మిరియాల చారు, మరోదానికి ఉత్త జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, ఆ తర్వాతిదానికి వాము వేసి మరిగించిన నీళ్ల ఆవిరి, ఇలా ఒక్కొక్కటే మారుస్తూ, స్కేలుతో గళ్లు గీసి ఏ రోజు ఎలా ఉందో రాసేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఏం చేసినా అది తగ్గడానికి వారం పట్టేది. ఆ మాట ఒప్పుకోవడానికి మాత్రం నాకు మనసొచ్చేది కాదు.

మా మేనత్త, నాన్నకు అక్క, చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. నన్ను పెంచింది ఆమే. ఆమెకు తెలిసిన మందు ఒక్కటే. తన పాతచీర పేలిక పసుపుకొమ్ముకు చుట్టి, పొయ్యిలో అంటించి, మంట ఊదేసి, ఎడమ చేత్తో నా గడ్డం పట్టి పైకెత్తి ఆ పొగ పీల్పించేది, పెదాల మీద ప్రార్థన ఆడుతూనే ఉండేది. నోటుబుక్కులో నేను పసుపు పొగ అని మాత్రమే రాశాను. పేలిక సంగతి నామోషీగా తోచి రాయలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

ఒక చలికాలం, ఆదివారం చర్చి నుంచి వచ్చిన సాయంత్రమే మా ఇద్దరికీ ఒకేసారి పడిశం మొదలైంది. నాకు సంబరమైంది. నేను పొగ పీలుస్తాను, నువ్వు వారం రోజులు ముట్టకు, ఎవరికి ముందు తగ్గుతుందో చూద్దామన్నాను. ఆమె నవ్వింది.

"సదువుకున్నోనివి బిడ్డా, నువ్వు వద్దంటె వద్దు. గా పొగ లేకుంటె సస్తనా ఏంది?"

పట్టికలో రోజుకు ఒక గడి నాకు, ఒక గడి అత్తకు. నాలుగో రోజుకు ఆమెకు జ్వరమొచ్చి ఊపిరి బరువైంది. పొగ సంగతి వదిలేయండి, అది ఆమెను బతికించేదని నేనిప్పటికీ అనుకోను. ఆ రోజే దవాఖానకు తీసుకుపోవలసింది. వారం నిండితే పట్టిక పూర్తవుతుందని ఆగాను. నాన్న గట్టిగా అడిగితే ఆమే నన్ను వెనకేసుకొచ్చింది, పిల్లగాడు రాసుకుంటుండు, కానియ్యి తమ్మీ అని. ఆరో రోజు తీసుకుపోయాం, ఆమె తిరిగి రాలేదు. ఏడో రోజు దగ్గర ఆమె గడి ఖాళీగా ఉండిపోయింది.

అప్పట్నుంచి నాకు పడిశం వచ్చినప్పుడల్లా, మూడో రోజు మిట్టమధ్యాహ్నం, పోపులో మాడే ఎల్లిపాయ కూడా తెలియనంతగా ముక్కు మూసుకుపోయినప్పుడు, ఆ వాసన వస్తుంది. ముందు పసుపు, దాని అడుగున కాలిన బట్ట. ఇంట్లో ఇంకెవరికీ రాదు. ఒకసారి నా భార్యను అడిగితే నా నుదురు తాకి చూసింది. అది వచ్చిన రోజు సాయంత్రానికే ముక్కు తెరుచుకునేది. చనిపోయినవారు దేవుని పిలుపు వచ్చేదాకా నిద్రలో ఉంటారని మావాళ్ల నమ్మకం, అందుకే పాస్టరుతో ఈ మాట ఎన్నడూ అనలేదు. అత్త నన్ను నిలదీయడానికే వస్తోందనుకుని, వచ్చిన ప్రతిసారీ ముఖం తిప్పుకునేవాణ్ణి.

ఈసారి మూడో రోజు మధ్యాహ్నం ఆ వాసన వస్తుందని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. రాలేదు. నాలుగో రోజూ రాలేదు. పీడ పోయిందనుకోవలసింది పోయి అన్నం సహించలేదు. ఐదో రోజు, అంటే పిల్లకు మూడో రోజు, మధ్యాహ్నం ఆ పిల్ల మంచం మీద లేచి కూర్చుంది.

"తాతా, ఎవరో పసుపు కాలుస్తుండ్రు. పసుపొక్కటే కాదు, బట్ట గూడ కాలుతుంది."

పొద్దున ముక్కు కింద బామ్ రాస్తే వాసనే లేదన్న పిల్ల అది. వంటింట్లోకి పోయి చూశాను, స్టవ్ చల్లగా ఉంది. ఎంత పీల్చినా నాకేమీ తెలియలేదు. తిరిగి వచ్చేసరికి పిల్ల కళ్లు మూసుకుని ఉంది. గడ్డం పైకెత్తి ఉంది, ఎవరో పట్టుకున్నట్టే. నిదానంగా ఊపిరి పీల్చింది, ఆగింది, మళ్లీ పీల్చింది. గుమ్మం దాటి లోపలికి పోలేకపోయాను.

సాయంత్రానికి పిల్ల లేచి ఆడుకుంది. ఏ పాపమూ ఎరగని పిల్లను నిలదీయడానికి ఎవరు వస్తారు? అంటే ఇన్నేళ్లూ అత్త మందు పట్టుకునే వచ్చింది, నేనే ముఖం తిప్పుకున్నాను. ఇప్పుడు ఫోను తెరిస్తే పడిశానికి వెయ్యి మందులు చెబుతుంది కానీ, గడ్డం పట్టుకుని పీల్పించే చెయ్యి అందులో లేదు. నలభై ఏళ్లు ఆ పొగ వస్తుందేమోనని భయపడ్డాను. ఇక నాకు రాదేమోనని ఇప్పుడు భయం.