మెరవని గడ్డ

మా బాపు బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఒకే నెలలో రెండుసార్లు డ్యూటీలో తూలి పడ్డాడు. కరీంనగర్‌లో తలకు స్కానింగ్ తీయించాం. అందులో గడ్డ కనిపించింది.

అప్పటికి నేను డిగ్రీ అయిపోయి మూడేళ్లుగా గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతున్నాను. మా కాలనీలో అన్‌ఫిట్ అనే మాటకు వేరే అర్థం ఉండేది. పెద్ద రోగమని తేలి కార్మికుణ్ని అన్‌ఫిట్ చేస్తే, ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. "వాళ్ల నాయిన అన్‌ఫిట్ అయిండట" అని పెళ్లి కుదిరినట్టే చెప్పుకునేవాళ్లు. గడ్డ అనగానే నాకూ ఆ మాటే గుర్తొచ్చింది. దాచడమెందుకు, బాపు కంటే ముందు ఆ మాటే గుర్తొచ్చింది.

డాక్టరు ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టి ఓపిగ్గా చూపించాడు. మెదడు మధ్యలో నీళ్లుండే గదులుంటాయట. అందులో ఒకదాని గోడను పట్టుకుని ఉంది గడ్డ, చిన్నది. అంచులు శుభ్రంగా ఉన్నాయి, చుట్టూ వాపు లేదు, చెడ్డ గడ్డలు మెరిసేలా సూదిమందు ఎక్కించి తీసినా మెరవలేదు.

"నీళ్లు ఆగినయా సారూ?" అన్నాడు బాపు. బాయిలో దిగేవాళ్లకు నిలిచిన నీళ్లంటే భయం.

"లేదు, దారి బాగానే ఉంది. ఇది అరుదైన గడ్డ, కానీ చెడ్డదానిలా లేదు. మీరు తూలింది చెవి వల్ల. దీన్ని ఆరు నెలలకోసారి ఫొటో తీసి చూస్తే చాలు."

నాకు సంతోషం రాలేదు. బాధా రాలేదు. ఫిల్ము మూలన ముద్రించిన బాపు వయసు చదువుతూ కూర్చున్నాను.

బాపు నా మొహం చూశాడు. తర్వాత డాక్టరు వైపు వంగి మెల్లగా అన్నాడు.

"చెడ్డదని రాయరాదుండ్రి సారూ. పోరనికి నౌకరొస్తది."

డాక్టరు పెన్ను ఆపి నన్ను చూశాడు. అట్లంటవేంది బాపూ అని నేననాలి. అనలేదు. డాక్టరు ఉన్నదున్నట్టు రాసిచ్చాడు.

బస్సులో బాపు కిటికీ పక్కన కూర్చున్నాడు, ఫిల్ము కవరు ఒళ్లో పెట్టుకుని. రామగుండం దగ్గరికి వస్తుండగా నా తొడ మీద చెయ్యేశాడు.

"ఫికర్ చెయ్యకు కొడుకా. ఆర్నెల్లకు మళ్ల చూస్తమన్నడు గదా."

నేను ఊఁ అన్నాను.