పది నుంచి మూడు దాకా ఎండ

మా బావ ముప్పై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివాడు. ఆయన అసలు పేరు ఆ వీధుల్లో ఎవరికీ తెలీదు. గేటు ముందు నిలబడి "మీటరూ!" అని కేక వేస్తే లోపలివాళ్లు ముందు కుక్కను కట్టేసి, తర్వాత తలుపు తీసేవాళ్లు. అలా అందరికీ మీటరాయన అయిపోయాడు. కోపం వచ్చినప్పుడు మా అక్క కూడా "ఏమండీ మీటరాయన గారూ" అనే పిలిచేది.

మీటరు ఎక్కడ దాక్కున్నా పట్టుకునేవాడు. మెట్ల కింద పాత సైకిళ్ల వెనకో, బియ్యం బస్తాల పక్కనో ఉంటే వంగి, పాక్కుంటూ వెళ్లి, అద్దాన్ని చొక్కా కొసతో తుడిచి అంకె రాసుకునేవాడు. ఆ అంకెను బట్టి ఇంటి సంగతంతా చెప్పేవాడు. "ఏమ్మా, ఈ నెల ఇరవై యూనిట్లు పెరిగాయి, పసిబిడ్డ వచ్చిందా?" అంటే ఆ ఇల్లాలు నోరు వెళ్లబెట్టేది. తగ్గిన ఇంట్లో మాత్రం ఏమీ అడిగేవాడు కాదు.

"పెరిగితే అడగొచ్చురా. ఉన్నట్టుండి తగ్గితే అడక్కూడదు. బిల్లు చేతిలో పెట్టి వచ్చెయ్యాలి" అని ఒకసారి నాతో అన్నాడు.

నేను సోలార్ ప్యానెళ్లు బిగించే పని చేస్తాను. ఆయనకు నా పనంటే గౌరవమే, నా లెక్కలంటేనే పరిహాసం. చిన్నప్పుడు లెక్కల్లో రెండుసార్లు తప్పితే, అప్పుడే కొత్తగా పెళ్లయిన ఈ బావే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఆ చనువుతో నా తల నెరిసినా వదల్లేదు. నేను కొట్లో చిల్లర తప్పు తెచ్చినా, ఎస్టిమేటులో ఒక సున్నా జారినా అదే మాట: "నీకు లెక్కలు రావురా."

రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో మొదట చేసిన పని మేడ మీద ఎనిమిది ప్యానెళ్లు పెట్టించుకోవడం. నేనే బిగించాను. నేను బిగించిన ప్రతి బోల్టునూ ఆయన మళ్లీ ఒకసారి బిగించాడు, నాకు ఒళ్లు మండింది. కొత్త మీటరు మనం వాడుకున్నదీ చూపిస్తుంది, మన ఇంటి నుంచి లైనులోకి వెళ్లిందీ చూపిస్తుంది. బావ దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుని, వంటింట్లో ఉన్న అక్కను పిలిచి మరీ చెప్పేవాడు.

"చూశావా, మనమే కరెంటువాళ్లకి ఇస్తున్నాం."

"ముప్పై రెండేళ్లు చదివింది చాల్లేదా, మన మీటరు కూడా చదవాలా?" అనేది అక్క. అంటూనే చేతులు తుడుచుకుని వచ్చి చూసేది. పిల్లలు లేని ఇల్లది. ఆ ఇద్దరికీ ఒకరి ముచ్చట ఇంకొకరే తీర్చాలి.

రెండేళ్లు అలా హాయిగా గడిచాయి. తెల్లారుతూనే బావ మేడెక్కి ప్యానెళ్ల మీద దుమ్ము తడిగుడ్డతో తుడిచేవాడు. ఆ తర్వాత అక్కకు ఎడమవైపు రొమ్ములో గడ్డ కనిపించింది. ఆపరేషన్ అయింది, మందులు ఎక్కించారు, జుట్టంతా పోయింది. చివరగా ముప్పై మూడు రోజులు కరెంటు పెట్టాలన్నారు. ఆ కిరణాల వైద్యాన్ని మనవాళ్లు అలాగే అంటారు కదా. సోమవారం నుంచి శుక్రవారం దాకా, రోజూ పదకొండున్నరకు. "టైము మారదు, మెషీను ఒక్కటే" అన్నారు. "రక్తంలో బలం తగ్గింది. జ్వరం వస్తే అర్ధరాత్రైనా సరే వెంటనే తీసుకురండి" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆ మాట బావ మనసులో మేకులా దిగిపోయింది.

వారం తిరక్కుండా పాత ఎలక్ట్రిక్ కారు ఒకటి కొనుక్కొచ్చాడు. ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసింది. తెల్లరంగు, వెనక తలుపు మీద సొట్ట. బ్యాటరీ నిండితే నూట ఎనభై కిలోమీటర్లు పోతుంది. జన్మలో స్కూటరు తప్ప ఎరగని మనిషి పదిహేను రోజుల్లో నేర్చుకున్నాడు. మొదటిసారి అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టి వీధి చివరిదాకా తీసుకెళ్లి తెచ్చాడు. అక్క దిగి, "చప్పుడే లేదురా తమ్ముడూ, ఎత్తుకుని తీసుకెళ్లినట్టుంది" అంది.

ఛార్జింగు పాయింటు పెట్టింది నేనే. పెడుతూ నా తెలివంతా ఒలకబోశాను.

"బావా, ఒక్కటి గుర్తుపెట్టుకో. పది నుంచి మూడు దాకా ఎండ. ఆ టైములో బండి ఇంట్లో ఉంటే పైసా ఖర్చు లేదు. రాత్రి పెట్టావా, కొనుక్కున్నట్టే."

పది మంది కస్టమర్లకు చెప్పే పాటే అది. ఈ ఇంట్లో ఆ పది నుంచి మూడు మధ్యలో ఎవరిని ఎక్కడికి తీసుకెళ్లాలో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నేను ఈ మాటలు రాయాల్సిన పని ఉండేది కాదు.

మొదటి రెండు వారాలు కార్లోనే వెళ్లారు. ఆస్పత్రి పన్నెండు కిలోమీటర్లు. రెండింటికి ఇంటికి చేరేవాళ్లు. అక్క పడుకున్నాక బండి తుడిచి, సాయంత్రం ప్లగ్ పెట్టి, రాత్రి నిండాక తీసేవాడు బావ. రోజూ నిండి తీరాలి. ఒక గీత తగ్గినా ఆయనకు నిద్ర పట్టేది కాదు. రెండో శనివారం నేను వెళ్లేసరికి మీటరు ముందు స్టూలు మీద మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"పగలు మన ఎండంతా వాళ్లకి చవగ్గా ఇస్తున్నాం. రాత్రి అదే కరెంటు మూడింతలు పెట్టి కొని బండిలో పోస్తున్నాం. ఆ డబ్బుతో మీ అక్కకి రెండ్రోజుల మందులొస్తాయిరా."

అక్క టీ తెచ్చి ఇచ్చింది. "పదకొండున్నరకే నాకు కరెంటు, పదకొండున్నరకే బండికి కరెంటు. ఇద్దరికీ ఒకేసారి కావాలంటే ఎట్లా? దాన్ని ఇంట్లో ఉంచండి, మనం బస్సులో పోదాం. ఒక్కచోట మారితే చాలు కదా" అని నవ్వింది.

బావ ఆమె మొహంలోకి చూశాడు. "చెయ్యగలవా?"

"కిటికీ పక్కన కూర్చుంటే గాలి కూడా వస్తుంది."

నా నోట్లో టీ ఉంది. అక్క హాస్యానికి నేనూ నవ్వాను. ముగ్గురిలో ఆ లెక్క చూడాల్సిన కళ్లు నావి, అది నా వృత్తి. నవ్వి, కప్పు కింద పెట్టి, ఇంకో ఇంట్లో పని ఉందని లేచి వచ్చేశాను.

నాలుగో వారంలో ఒకరోజు ప్యానెళ్లు వేసుకుని వ్యాన్లో పోతూ, బస్సులు మారే కూడలి దగ్గర వాళ్లను చూశాను. బస్టాపు కిక్కిరిసి ఉంది. కరెంటు పెట్టిన చోట అక్కకు చర్మం కమిలి, ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. ఎవరూ తగలకుండా బావ రెండు చేతులూ చాచి, ఆమె చుట్టూ దడి కట్టినట్టు నిలబడ్డాడు. "నీ ఒక్కడి పెళ్లామేనా మనిషి, జరుగు" అని ఎవడో విసుక్కుంటున్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వ్యాను ఆపి దిగాను.

"ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమా బావా? ఇంట్లో కారు పెట్టుకుని అక్కని బస్సులో కుక్కుతావా? నువ్వసలు మనిషివేనా?"

"రోడ్డు మీద నోరు ముయ్యరా. బస్సని అన్నది నేనే" అంది అక్క.

బావ చేతులు దించలేదు. మెల్లగా అన్నాడు: "డబ్బొక్కటే కాదురా. రాత్రి జ్వరం వస్తే? కరెంటు పోయి బండి ఖాళీగా ఉంటే నేనేం చెయ్యను? ఇంట్లోనే ఉంచి ఎండలో ప్లగ్ పెడితే ఎప్పుడైనా నిండి ఉంటుంది. అది నిండుగా ఉంటేనే నాకు ధైర్యం."

పిసినారి అనుకుని తిట్టడానికి దిగాను. ఆయనకున్నది భయం. దాని ముందు నా దగ్గర జవాబు లేదనుకుని, ఇద్దర్నీ వ్యాన్లో ఎక్కించుకుని ఆస్పత్రి దగ్గర దింపాను. సీటుకు వీపు ఆనించి అక్క కళ్లు మూసుకుంది. "ఇట్లా ఆనుకుని కూర్చుంటే ఎంత సుఖంగా ఉందిరా" అంది. మర్నాడు మళ్లీ బస్సే.

ఆరో వారం, గురువారం. ఇంకా అయిదు రోజులే మిగిలాయి. అదే కూడలిలో మొదటి బస్సు దిగి, "కాసేపు కూర్చుందామండీ" అంది అక్క. బెంచీ మీద బావ భుజానికి తల ఆనించింది. ఎక్కాల్సిన బస్సు వచ్చింది. లేపబుద్ధి కాక వదిలేశాడు. ఇంకో బస్సు వచ్చింది, అదీ వదిలేశాడు. మూడోదానికి లేపబోయి, చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. అక్క కళ్లు తెరిచింది గానీ ఆయన్ను గుర్తుపట్టలేదు.

నాకు ఫోను చేశాడు. "కూడలి దగ్గరికి బండి తీసుకురారా, బండి" అనే మాట తప్ప ఇంకేం వినపడలేదు. నేను వాళ్లింటికి రెండు వీధుల అవతలే మేడ మీద పనిలో ఉన్నాను. పరుగెత్తాను. తాళం చెవి కిటికీలో ఎప్పుడూ ఉండేచోటే ఉంది. ప్లగ్ పీకి బండి ఎక్కితే ఎదురుగా అంకె వెలిగింది. నూటికి తొంభై ఎనిమిది. ఎండ ఫెళ్లున కాస్తోంది. అంత మంచి ఎండ ఆ నెలలో మళ్లీ లేదు.

నేను కూడలికి చేరేసరికి బెంచీ ఖాళీగా ఉంది. దారిన పోయే కారాయన ఎవరో ఆగి ఎక్కించుకున్నాడట. అక్క నీళ్ల సీసా మాత్రం బెంచీ కింద పడి ఉంది. దాన్ని పక్క సీట్లో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. ఇన్‌ఫెక్షను రక్తంలోకి పాకిందన్నారు. బస్సుల్లో అంటుకుందా అని డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేం. ఇంట్లో ఉన్నా రావచ్చు" అంది. మంచి మనిషి, అలాగే అంటుంది. శుక్రవారం సాయంత్రం మా అక్క పోయింది.

కారు ఆస్పత్రి ఆవరణలో మూడు రోజులు అలాగే ఉండిపోయింది. నేనే తెచ్చి ఇంట్లో పెట్టాను.

ఆ తర్వాత నేను లెక్క వేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. రోజుకు రానూపోనూ ఇరవై నాలుగు కిలోమీటర్లు. అయిదు రోజులకు నూట ఇరవై. బండి నిండితే నూట ఎనభై పోతుంది. శని, ఆదివారాలు ఆస్పత్రి లేదు, బండి ఇంట్లోనే ఉంటుంది. ఆ రెండు రోజుల ఎండ చాలు. వారమంతా కార్లో తిరిగినా శుక్రవారం రాత్రికి ఇంకా అరవై కిలోమీటర్లు మిగిలేది. ఏ రాత్రి జ్వరం వచ్చినా ఆస్పత్రికి రెండుసార్లు వెళ్లి రావచ్చు. పైసా ఖర్చు లేదు. చిన్నపిల్లల లెక్క. రోజూ నిండాలన్న ఆయన భయంలో అది ఆయనకు తోచలేదు. నాకు తోచకపోవడానికి ఏ భయమూ లేదు, అడిగినవాళ్లు లేరంతే.

మూడు నెలలు గడిచాయి. బావ ఇప్పటికీ తెల్లారి మేడెక్కి ప్యానెళ్లు తుడుస్తాడు. కారు బయటికి తీయడు గానీ పది కాగానే ప్లగ్ పెడతాడు, మూడింటికి తీస్తాడు. నిండిన బండి తాగేదేమీ ఉండదు, కరెంటంతా లైనులోకి పోతుంది. మొన్న ఆదివారం వెళ్లాను. మీటరు ముందు స్టూలు మీద ఉన్నాడు.

"రోజుకి రెండు యూనిట్లు తగ్గిందిరా" అన్నాడు. "మీ అక్క ఫ్యాను, వేణ్నీళ్లు, రాత్రి గదిలో వేసుకునే చిన్న లైటు. అన్నీ కలిపితే రెండు యూనిట్లే."

నేను పక్కన నేల మీద కూర్చున్నాను. ఏం అడుగుతాను? తగ్గిన ఇంట్లో అడక్కూడదని చెప్పింది ఆయనే.

మీటరు మీంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు.

"ఒరే, నీ పని ఇదే కదా, చెప్పు. శనాదివారాలు రెండ్రోజులే ఛార్జింగు పెట్టుకుని, మిగతా అయిదు రోజులూ దాన్ని కార్లోనే తీసుకెళ్తే... సరిపోయేదా?"

ఆయన కాళ్లు చూస్తూ చెప్పాను.

"సరిపోయేది కాదు బావా. ఎట్లా సరిపోతుంది? గురువారానికే ఖాళీ అయిపోయేది."

బావ మీటరు అద్దాన్ని చొక్కా కొసతో తుడిచాడు. దాని మీద దుమ్మేమీ లేదు. లేచి, స్టూలు గోడకు జరిపి, నా తల మీద చెయ్యి వేశాడు.

"నీకు లెక్కలు రావురా" అన్నాడు.