తలకిందుల తులిప్‌లు

పక్కింటి మార్తా ఇల్లమ్మేసి ఫ్లోరిడా వెళ్ళిపోతూ, వాళ్ళ నాయనమ్మ నాటి తివాచీ ఒకటి మాకిచ్చింది. టర్కీలో చేత్తో నేసినది, నమాజుకి వాడేది. ఎర్రటి నేత మీద గుమ్మంలాంటి కమాను, దాని కింద వరసగా తులిప్ పూలు. పూలు నిటారుగా ఉండాలని మా ఆవిడ సరళ, కమాను నిటారుగా ఉండాలని నేను. ఒకటి నిలబడితే రెండోది తలకిందులవుతుంది. గోడకి మేకు కొట్టకుండానే చలికాలం గడిచిపోయింది.

2010 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లోని ఒక మ్యూజియం వాళ్ళు, పాత తివాచీలుంటే తీసుకురండి, చూసి చెబుతాం అన్నారు. శనివారం ఉదయం ఏడింటికి మా ఊరు ఎడిసన్ పక్కనున్న మెట్రోపార్క్ స్టేషన్‌లో రైలెక్కాం. సరళ చేతిలో పులిహోర డబ్బా, నా భుజం మీద తివాచీ.

టికెట్లు చూడ్డానికొచ్చిన కండక్టరు దాన్ని తట్టి, "ఇది ఉండగా రైలెందుకు? ఎగిరిపోవచ్చుగా!" అన్నాడు.

"ఈయన తలకిందులుగా పరుస్తారు, పడిపోతాం," అంది సరళ.

పదింటికి దిగి, టాక్సీలో మ్యూజియంకి వెళ్ళాం. హాలు నిండా జనం, టీకాలకి పిల్లల్నెత్తుకొచ్చినట్టు తివాచీలు పట్టుకుని కూర్చున్నారు. మా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. పరిశోధకురాలు ఎమినే టర్కీ ఆవిడే. మా తివాచీని బల్ల మీద పరిచి మురిసిపోయింది.

"లాదిక్ ఊరి నేత ఇది. ఈ కమాను మసీదు గోడలో ఉండే మిహ్రాబ్ అనే గూడు. మక్కా వైపుకి పరుస్తారు. కాబట్టి ఇదే పై భాగం."

నేను సరళ వంక చూశాను.

"అయితే చాలామంది కమానుని కింద ఉంచి, అటు నుంచే నేత మొదలుపెట్టేవారు. మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ వాళ్ళకి పూలే నిటారుగా కనిపించేవి."

సరళ నా వంక చూసింది.

అంతలో ఎమినే, ఊలు అరిగిపోయిన రెండు మచ్చలు చూపించింది. మోకాళ్ళ గుర్తులట. సరళ ముప్పై ఏళ్ళు ఎముకల డాక్టరుగా చేసింది. కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఎడమ పక్క ఎక్కువ అరిగింది. ఈ మనిషికి కుడి మోకాలు నొప్పి. బరువంతా ఎడమ దాని మీదే వేశారు. అయినా నమాజు మానలేదు, చూడండి."

"నూరేళ్ళు ఆలస్యంగా వచ్చారు డాక్టర్," అంది ఎమినే. నవ్వబోయి ఇద్దరూ ఆగిపోయారు. సరళ అరచెయ్యి కాసేపు ఆ మచ్చ మీదే ఉండిపోయింది.

నాలుగింటి రైలుకి తిరుగుముఖం పట్టాం. ఇలాంటి చోటికి వీలైతే తప్పక వెళ్ళండి. పేరు కూడా తెలియని మనిషి ఎన్నో ఏళ్ళు ఎక్కడ మోకరిల్లారో కళ్ళారా చూసి వస్తారు. ఎముకల డాక్టర్‌ని మాత్రం తోడు తీసుకెళ్ళకండి. బాల్టిమోర్ దాటాక కాఫీ తెద్దామని లేచాను.

"ఏమండీ, అలా నాలుగడుగులు వేసి రండి," అంది సరళ.

వేసి వచ్చాను.

"మీదీ కుడిదే. సోమవారం ఎక్స్‌రే తీయిద్దాం."