గిర్నీ దగ్గర కుడికి

మొన్న బుధవారం తెల్లారేసరికి మా ఎదురింటి టీచరమ్మ లేరు. నిద్రలోనే వెళ్ళిపోయారని, ఆమెను చూడ్డానికి వచ్చి ఉన్న చెల్లెలు మా గేటు దగ్గర నిలబడి చెప్పింది. మారేడ్‌పల్లిలో మా గల్లీ వాళ్ళందరికీ ఆమె రిటైరైన తెలుగు టీచరు. బడిలో నాకూ చెప్పారు. డిగ్రీ మొదటి సంవత్సరం చదివే నేను ఆమె గురించి రాయడం సాహసమే. రాయకపోతే మాత్రం ఆమెకే కోపం వస్తుంది.

రిటైరైన కొన్నాళ్ళకే ఆమె చూపు మందగించి, తర్వాత పూర్తిగా పోయింది. కళ్ళజోడు మాత్రం తీయలేదు. "ముక్కుకి అలవాటైపోయిందే, లేకపోతే ఊరుకోదు" అనేవారు. రంజాన్‌కి మా ఇంటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె పట్టుకెళ్తే, గుమ్మంలో అడుగుల చప్పుడు విని నా పేరు చెప్పేసేవారు. అన్నిటికీ ఓర్చుకున్నారుగానీ, ఆదివారం చర్చికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాల్సి రావడం ఆమెకు గుచ్చుకునేది. ఎవరికీ వీలుకాని వారం కిటికీ పక్కన కూర్చుని గంట వినేవారు.

రెండేళ్ళ కిందట చెల్లెలు తెనాలి నుంచి వచ్చి, ఇల్లు ఖాళీ చేయించి తనతో తీసుకుపోతానంది. నేను అక్కడే ఉన్నాను.

"ఒక్కదానివీ గేటు కూడా దాటలేవక్కా. ఎందుకీ మొండితనం?"

"దాటితే? చర్చి దాకా నేనొక్కదాన్నే నడిచొస్తే నన్నిక్కడే వదిలేస్తావా?"

చెల్లెలు నవ్వేసింది. "సరే, నెల రోజులు టైమిస్తున్నా. ఆ తర్వాత పెట్టె సర్దాల్సిందే."

మర్నాడు సాయంత్రమే మా నడక మొదలైంది. గేటు దాటగానే నేను "ఇటు రండ్రి టీచర్, జెర అటు" అన్నాను.

"ఇటంటే ఎటే? నీ వేలు నాకు కనపడుతోందా? మాట చెప్పు."

అప్పుడు తెలిసింది, నా దగ్గర మాటల్లేవని. అవన్నీ వేళ్ళ చివర ఉన్నాయి.

ఆ నెలలో ఒక్కో మాటకీ ఒక్కో కదలిక ఖాయం చేసుకున్నాం. 'ఓరగా' అంటే భుజం కాస్త జరిపి గుంత పక్క నుంచి పోవడం. 'ఒంపు' అంటే రోడ్డే మనల్ని తిప్పుతుంది, గోడ వెంట పోతే చాలు. 'మలుపు' అంటే ఆగి, పాదం పూర్తిగా పక్కకి పెట్టి, అప్పుడు కదలడం. "మాట వినగానే కాలికి తెలియాలి" అనేవారు. ఒకసారి ఆమె దారి దాటిపోతుంటే, "వెనక్కి తిరిగి వచ్చిన దారిలోనే నడవండి" అని పుస్తకంలోలా చెప్పాను.

"నీ వాక్యం పూర్తయ్యేలోపు నేను ఆటో కింద ఉంటానే. మీ ఇంట్లో ఏమంటారు?"

"మర్లు అంటం టీచర్. 'జెర మర్లి రా' అంటది మా అమ్మ."

బడిలో నా వ్యాసంలో అదే మాట కింద ఎర్ర గీత గీసింది ఆమే. ఇప్పుడు 'మర్లు, మర్లు' అనుకుంటూ నడిరోడ్డు మీద మూడుసార్లు తిరిగి చూసుకున్నారు. "బాగుందే. ఆ గీత కొట్టెయ్" అన్నారు. ఆ రాత్రి నా నోట్‌బుక్కులో ఆ మాట పెద్దక్షరాలతో రాసుకున్నాను.

దారి మొత్తానికి ముఖ్యమైన మలుపు పిండి గిర్నీ దగ్గర. గిర్నీ మోత కుడి చెవి నిండా పడి, కాస్త తగ్గగానే కుడికి మళ్ళాలి. ఇరవై రోజులకే ఆమె నా మాట అవసరం లేకుండా మళ్ళసాగారు.

గడువు ఆదివారం రానే వచ్చింది. చెల్లెలు చర్చి గేటు దగ్గర నిలబడింది. నేను పది అడుగులు వెనకే నడవాలి, నోరు విప్పకూడదు. ఓరగా గుంత దాటారు. ఒంపులో గోడ వెంట పోయారు. గిర్నీ దగ్గరికి వచ్చేసరికి మోత లేదు. ఆదివారం గిర్నీ బంద్! ఆదివారం ప్రార్థనకే తప్ప సాధనకి కాదని ఆమె పట్టుబట్టడంతో, నెలంతా నడిచిన మేము ఒక్క ఆదివారం కూడా నడవలేదు. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన ఆదివారాల్లో ఆమెకి గిర్నీ మోతతో పనిపడలేదు.

మూసిన షట్టరు పక్కనుంచి, మలుపు కూడా దాటి, ఆమె ముందుకే సాగిపోయారు. అవతల బస్సుల రోడ్డు. నేను చున్నీ కొస నోట్లో కుక్కుకున్నాను. ఇంకో పది అడుగులు చూసి అరిచేద్దామనుకున్నాను.

ఆమె ఆగారు. రోడ్డు పల్లానికి దిగుతోందని పాదానికి తెలిసినట్టుంది. కర్రతో రెండుసార్లు కొట్టి చూశారు.

"మర్లు," అన్నారు పైకే.

మర్లారు. "వచ్చేటప్పుడు కుడి. మర్లితే ఎడమ." ఎడమ చెయ్యి గోడకి ఆనించి నడిచారు. గోడ అయిపోయి చెయ్యి గాలిలోకి వెళ్ళగానే ఆగి, పాదం పక్కకి పెట్టి, ఎడమకి మళ్ళారు. కుడి చేతికి గిర్నీ పక్క షట్టరు తగిలింది. వేళ్ళకంటిన పిండి రాసి చూసుకుని ఒక్కరే నవ్వుకున్నారు. వెనక నేను ఏడుస్తున్నాను, గెంతుతున్నాను.

"మొదటి పాట అయిపోయిందక్కా" అంది చర్చి గేటు దగ్గర చెల్లెలు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏం చెయ్యనే, ఆదివారం గిర్నీకి కూడా సెలవట. ఇక నీ పెట్టె నువ్వు సర్దుకో."

సంగతి తెలిసి గిర్నీ ఆయన పరుగున వచ్చాడు. "పరేషాన్ గాకుండ్రమ్మా, ఇగ ఆదివారం సుత పది నిమిషాలు నడిపిస్త."

"వద్దయ్యా! ఆదివారం నీ గిర్నీ మోగితే నేను దారి తప్పుతాను. ఆ రోజు అది ఊరుకుంటేనే నాకు గుర్తు."

తర్వాత రెండేళ్ళూ ఆమె ఒక్కరే వెళ్ళొచ్చారు. గంట మోగేసరికి కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉండేది.

గురువారం ఆమెను చర్చికి తీసుకెళ్ళే వ్యాను డ్రైవరుకి దారి తెలియదు. నేను ముందు కూర్చున్నాను. "ఒంపు ఉంటది అన్నా, గోడ పొంటి పో. గిర్నీ కాడ కుడికి." మాటలన్నీ సరిగ్గా వచ్చాయి. వేలు ఎత్తలేదు. దూరం నుంచే గిర్నీ హోరు వినిపిస్తోంది. మా బండిని చూసి గిర్నీ ఆయన బయటికొచ్చాడు, ఒక్క క్షణం నిలబడి గబగబా లోపలికెళ్ళాడు. మోత మెల్లగా తగ్గింది, ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో బండి కుడికి మళ్ళింది.