మళ్ళీ రండి అనకూడని బట్ట

మొన్న మా మాల్‌లో కదిలే మెట్ల దగ్గర, అడవిపొలం నుంచి వచ్చిన ఒక మామ్మగారి కొంగు ఇరుక్కుని పర్రుమని చిరిగింది. నేను పరిగెత్తి ఎర్ర బటన్ నొక్కి, "కంగారుపడకండి మామ్మగారూ, మా మెట్లకి నేత చీరంటే మహా ఇష్టం" అన్నాను. ఆవిడ నవ్వేసింది. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నేను మాత్రం ఆ చప్పుడు దగ్గరే ఆగిపోయాను. మా బట్టల విభాగంలో అన్నిటికీ కత్తెరే, ఒక్క బట్టని తప్ప చేత్తో ఎవరూ చింపరు. అది సూరిబాబు గారి కొట్టు చప్పుడు.

ఈ మాల్ ఉన్నచోట ఇదివరకు రేకుల బజారు ఉండేది. రెండు వరసల కొట్లు, మధ్యలో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరగాల్సినంత దారి. వానొస్తే రేకుల మోతకి బేరాలన్నీ సైగలతోనే. రోడ్డు మీదకి మొదటి కొట్టు సూరిబాబు గారిది, బట్టల కొట్టు. ఏడో తరగతిలో నేనూ లెక్కల పుస్తకమూ ఒకరి మీద ఒకరం ఆశ వదులుకున్నాం. పెద్దయ్యాక కొన్నేళ్ళు ఆటో నడిపాను. ఆ ఆటో మూలపడ్డ రోజుల్లో ఆయన పిలిచి, "నీ ఆటో ఎక్కినప్పుడల్లా నవ్వలేక చచ్చేవాణ్ణిరా చంటీ. ఆ నోటికి నా కొట్లో పనుంది, వచ్చెయ్" అన్నారు.

చనిపోయినవాళ్ళకి కప్పే తెల్లబట్ట విషయంలో ఆ కొట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా దానికోసం వస్తే పరుపు మీంచి లేచి నిలబడాలి. కత్తెర పెట్టకూడదు, చేత్తోనే చింపాలి. వెళ్ళేటప్పుడు పొరపాటున కూడా 'మళ్ళీ రండి' అనకూడదు. నేను చేరిన కొత్తలో ఆయన లోపల భోంచేస్తుండగా దరియాలతిప్ప నుంచి ఒకాయన వచ్చి తెల్లబట్ట అడిగాడు. కంట తడి లేదు, పక్కన మనిషి లేడు. పందిరికేమో అనుకున్నాను. కూర్చునే కత్తెరతో కోసి, పొట్లం చేతికిచ్చి, "మళ్ళీ రండి బాబాయ్, ఈసారి పిన్నిని కూడా తీసుకురండి, మంచి చీరలొచ్చాయి" అన్నాను.

ఆయన పొట్లం వైపు చూసి, "ఇది మీ పిన్నికేనయ్యా" అన్నాడు.

అప్పుడు చూశాను ఆయన కాళ్ళకేసి. చెప్పుల్లేవు.

సూరిబాబు గారు ఎంగిలి చేత్తోనే బయటికొచ్చారు. చెయ్యి కడుక్కుని, నేను కోసిన ముక్క పక్కన పడేసి, నిలబడి కొత్తగా చింపి ఇచ్చారు. తలుపులేసి నన్ను వెంటబెట్టుకుని దరియాలతిప్ప వెళ్ళారు. పాడె మోసేవాళ్ళలో నన్నూ ఒకణ్ణి చేశారు. తిరిగొస్తూ దారిలో అన్నారు: "నీ నోరు మూసుకోమనట్లేదురా. ముందు మొహం చూడు, కాళ్ళు చూడు. ఆ తరవాత నోరు తెరు."

కొన్నేళ్ళకి స్థలం చేతులు మారి రేకులు దిగిపోయాయి. పాత కొట్లవాళ్ళకి మాల్‌లో చోటిస్తామన్నారు. ఆయనకి మూడో అంతస్తు వచ్చింది. మేనేజరు గారిని కలిసి, "నాకు కొట్టు వద్దు బాబూ. కింద గుమ్మం పక్కన తెల్లబట్టకి ఒక్క అర ఇవ్వండి చాలు. ఏడుపులో ఉన్నవాడు మూడంతస్తులు ఎక్కలేడండి" అన్నారు. "కొత్త మాల్ గుమ్మంలో శవాల బట్టా? అశుభమండీ" అని మేనేజరు గారు లేచి వెళ్ళిపోయారు. అదే మేనేజరు నాకు కింది అంతస్తులో, బట్టల విభాగంలో ఉద్యోగమిచ్చారు. ఆ సంగతి చెప్పడానికి తల దించుకుని వాళ్ళింటికి వెళితే, సూరిబాబు గారు లోపలికెళ్ళి మిగిలిన ఒకే ఒక తెల్లబట్ట తాను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "అడిగినవాడు ఉత్త చేతుల్తో వెళ్ళకూడదురా."

దాన్ని నా లాకర్లో, క్యారేజీ వెనకాల దాచాను. దాచడమే. రెండుసార్లు మనుషులు వచ్చి అడిగారు. ఇద్దరి కాళ్ళూ చూశాను. చూసి కూడా, మేనేజరు గారి గది అద్దం వైపు చూసి, "లేదండి, కాకినాడలో దొరుకుద్దేమో" అన్నాను. ఊరంతటినీ నవ్వించే నోటితో ఆ మాట అన్నాను.

మూడోసారి వచ్చింది సూరిబాబు గారి అబ్బాయి.

"చంటన్నా, తెల్లబట్ట..." అని ఆగిపోయాడు. చెప్పుల్లేవు. ఎవరికని నేను అడగలేదు.

లాకర్లోంచి ఆ తెల్లబట్ట తాను తెచ్చి బల్ల మీద పరిచాను. అంచు పళ్ళతో కొరికి, రెండు చేతుల్తో లాగాను. ఆ చప్పుడుకి అంతస్తంతా తిరిగి చూసింది. మేనేజరు గారు గదిలోంచి బయటికొచ్చారు, నా మొహం చూశారు, అక్కడే నిలబడిపోయారు. పిల్లాడు బట్ట తీసుకుని గుమ్మం వైపు నడుస్తుంటే గుర్తొచ్చింది, తలుపు దగ్గర గార్డు ఉద్యోగమే వెళ్ళేవాళ్ళందరికీ 'మళ్ళీ రండి సార్' అనడం. అడ్డంగా పరిగెత్తాను. గార్డు నోరు తెరిచాడు. నా అరచెయ్యి వాడి నోటి మీద పడింది. అబ్బాయి బయటికెళ్ళేదాకా తియ్యలేదు.

ఆ రెండుసార్లూ వచ్చినవాళ్ళెవరో నాకిప్పటికీ తెలీదు. జనంలో మొహాలు వెతుకుతూనే ఉంటాను. నా వేళాకోళాలు మానలేదు, మానితే సూరిబాబు గారే ఒప్పుకోరు. కానీ చెప్పుల్లేని మనిషి గుమ్మం దాటితే గార్డు నాకేసి చూస్తాడు. నేను చెబుతున్న జోకు సగంలో ఆపి లాకరు దగ్గరికి వెళతాను. ఆ మనిషి వెళ్ళేటప్పుడు గార్డు తలుపు తీసి, తల దించి, ఊరుకుంటాడు.