రెండూ దాపటి ఎద్దులే

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవులంతా మా తాతయ్య దగ్గర, చేలో పాకలో గడిపాను. మా నాయనమ్మ పోయిన ఏడాది అది. నందిగామలో ఉద్యోగం చేసే మా నాన్న, తమతో వచ్చి ఉండమని తాతయ్యను బతిమాలి బతిమాలి విసిగిపోయి, చివరికి "పోనీ, దీన్నన్నా తోడుంచుకో" అని నన్ను దింపి వెళ్ళాడు. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. తోడుండటమంటే ఏం చెయ్యాలో నాకు ఎవరూ చెప్పలేదు. తాతయ్యకూ తెలిసినట్టు లేదు. పొద్దుట లేచి ఒకరి ముఖం ఒకరం చూసుకుని, ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం.

జగ్గయ్యపేట నుంచి వత్సవాయి వైపు వెళ్ళే బస్సు దిగి డొంక పట్టుకుని నడిస్తే మా చెలక, అంటే మెట్టచేను, వచ్చేది. ఆ చుట్టుపక్కల రైతులు చాలామంది ఊళ్ళోనే కాపురం. పొద్దున్నే చేలకు వచ్చి పొద్దుగూకేసరికి వెళ్ళిపోయేవారు. మా తాతయ్య మాత్రం ఊళ్ళో ఇంటివాటాను తమ్ముడికి వదిలేసి, బావి పక్కన పాక వేసుకుని నాయనమ్మతో అక్కడే ఉండిపోయాడు. నాయనమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ పాక ఊరికంటే సందడిగా ఉండేది. దారినపోయే వాళ్ళను పిలిచి మరీ మంచినీళ్ళిచ్చే మనిషి ఆవిడ. ఆవిడ పోయాక తాతయ్యకు నోరు కూడా పోయినట్టయింది. పొద్దున ఒక్కసారి ఇంత జొన్నన్నం వండి, నాకు చల్ల పోసి పెట్టి, తను తిన్నాననిపించి లేచేవాడు. సాయంత్రం పొయ్యి వెలిగేదే కాదు. పొద్దుటి అన్నమే నాకు పెట్టి, "నాకాకల్లేదులేవే" అనేవాడు. మాట్లాడితే ఎద్దులతో మాట్లాడాలి. కొన్నాళ్ళకు నేనూ వాటితోనే మాట్లాడటం మొదలుపెట్టాను, వేరే దిక్కు లేక.

మాకు రెండెద్దులు. బూడిదరంగుది మైలెద్దు, ఎర్రటిది పుల్లెద్దు. కాడి కడితే మైలెద్దు ఎడమవైపు నడిచేది, పుల్లెద్దు కుడివైపు. ఎడమ పక్కను దాపట అనీ, కుడి పక్కను వలపట అనీ అంటారు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్క మప్పితే ఎద్దుకు ముసలయ్యే దాకా అదే పక్క. మనం కుడిచేత్తో తిన్నట్టే. మైలెద్దుకు కుడివైపు తల తిప్పితే పుల్లెద్దు కనపడాలి. గాడి దగ్గర మేసేటప్పుడు కూడా అవి అలాగే నిలబడేవి.

ఎండలు ముదిరిన రోజుల్లో పుల్లెద్దును పాము కరిచింది. ఊళ్ళోంచి పసరు వైద్యుణ్ణి తీసుకొచ్చేలోపే అది నురగలు కక్కి పడిపోయింది. తాతయ్య దాన్ని చేను మూలనే గొయ్యి తీయించి పూడ్పించాడు. నాయనమ్మ పోయినప్పుడు ఏడవని మనిషి ఆ రోజు తలగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఇద్దరి కోసమూ కలిపి ఏడ్చాడని పెద్దయ్యాక అనుకున్నాను. ఆ మర్నాటి నుంచి మైలెద్దు మేత ముట్టలేదు. గాడిలో చొప్ప వేస్తే వాసన చూసి, కుడివైపు తల తిప్పి, అలా చూస్తూ నిలబడేది.

కబురు తెలిసి నాన్న వచ్చాడు. ఒంటెద్దుతో సేద్యం ఎలా చేస్తావు, తొలకరి పడితే ఏం దున్నుతావు, చెలక కౌలుకిచ్చెయ్యి, బడి తెరిచేలోగా వచ్చి ఇద్దర్నీ తీసుకుపోతాను అన్నాడు. ఇంకో ఎద్దును తెచ్చుకునే ఓపిక లేదన్నాడు తాతయ్య. అంతకుమించి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నందిగామలో మాది రెండు గదుల అద్దె వాటా. అంతకుముందు తాతయ్య ఎప్పుడు వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి, వచ్చేపోయే వాళ్ళకు అడ్డం తప్పుకుంటూ ఉండేవాడు. చేలో అంత పెద్దగా కనిపించే మనిషి అక్కడ ఎందుకో చిన్నవాడైపోయేవాడు. ఆయన్ని అలా రోజూ చూడటం నాకు ఇష్టం లేదు. నాకు మా అమ్మ కావాలి, తాతయ్యకు చెలక కావాలి. రెండూ ఎలా కుదురుతాయో ఆ వయసులో నాకు అంతుపట్టలేదు.

మా గట్టు అవతల ఇంకొక పాక ఉండేది. మాలాగే చేలో కాపురమున్నది వాళ్ళొక్కరే. ముసలి దంపతులు. నేను గట్టవతలి తాత, గట్టవతలి మామ్మ అనేదాన్ని, అదీ మనసులోనే. ఎందుకంటే ఆ ఇంటికీ మాకూ మాటల్లేవు. ఎప్పుడో గట్టు మీది తాటిచెట్టు ఎవరిదన్న దగ్గర మొదలైంది తగువు. అంతకుముందు తాతయ్యలిద్దరూ బావా అంటే బావా అనుకునేవారట. తగువయ్యాక ఆ చెట్టు ముంజలు వీళ్ళూ దింపలేదు, వాళ్ళూ దింపలేదు. ఏటా పండి రాలి కుళ్ళిపోయేవి. డొంకలో ఎదురైతే ఇద్దరూ ఒకేసారి ఆకాశంకేసి చూసేవారు, వాన వస్తుందేమోనన్నట్టు. నడివేసవిలో కూడా.

వాళ్ళకు మొదటినుంచీ ఒంటెద్దే, నల్లటి కర్రెద్దు. వత్సవాయిలో ఉన్న అల్లుడి ఎద్దుతో పొత్తు కలిపి దున్నుకునేవారు. చెరో ఎద్దు ఉన్న చిన్న రైతులు రెండూ కలిపి కాడి కట్టి, ఒకరి తర్వాత ఒకరి చేను దున్నుకోవడం మా వైపు మామూలే. ఆ ఏడు అల్లుడు సొంతంగా జత కట్టుకున్నాడు. దాంతో వాళ్ళ పొత్తూ పోయింది. గట్టుకు అటొక ఒంటెద్దు, ఇటొక ఒంటెద్దు, మధ్యన తాటిచెట్టు. మూడో మనిషి ఎవరైనా చూస్తే నవ్విపోయేవారు.

ఒక పొద్దున గట్టవతలి మామ్మ కర్రెద్దును పలుపుతో పట్టుకుని గట్టు దాటి వచ్చింది. తాతయ్య వాకిట్లో మంచం మీదే ఉన్నాడు. ఆవిడ ఆయనకేసి చూడకుండా నాతో అంది.

"అమ్మాయ్, మా కర్రోడు మేత ముట్టటంలేదే. ఒంటిగా ఉండలేక బెంగ పెట్టుకున్నాడు. పగటిపూట మీ గాడికాడ కట్టేసుకోవచ్చేమో మీ తాతనడుగు."

నేను తాతయ్య వైపు తిరిగాను. ఆయనకు వినపడింది. అయినా నేను అడిగిందాకా ఆగి, నాకే జవాబు చెప్పాడు.

"పశువుతో మనకేం పగే? కట్టేసుకోమను."

మామ్మ తీసుకెళ్ళి పుల్లెద్దు నిలబడే చోటే కట్టింది. మైలెద్దు తల తిప్పి చూసింది. చూపు ఆనేందుకు అక్కడ ఒక ఒళ్ళుంది. కాసేపటికి కర్రెద్దు గాడిలో మూతి పెట్టి కరకరా నమలడం మొదలెట్టింది. ఆ చప్పుడు విని మైలెద్దు కూడా ఓ పరక అందుకుంది. తాతయ్య మంచం మీంచి లేవలేదు గాని, మెడ సాచి చూస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రం మామ్మ ఎద్దును తోలుకుపోవడానికి వచ్చి, గోంగూర పచ్చడి గిన్నె నా చేతిలో పెట్టింది. చాలా రోజుల తర్వాత తాతయ్య సాయంత్రం పొయ్యి వెలిగించాడు. పచ్చడిలో ఉప్పెక్కువైందని గొణుక్కుంటూనే గిన్నె ఖాళీ చేశాడు. రోజూ అదే వరస. పొద్దున ఎద్దు రావడం, సాయంత్రం ఎద్దు వెళ్తూ గిన్నె రావడం.

తొలకరి ఒక మధ్యాహ్నం ఉరిమి కురిసింది. తెల్లారేసరికి చుట్టూ అరకలు కట్టారు. తడి ఆరకముందే దున్ని జొన్న వేసుకోవాలి. మా చెలకలో మాత్రం చడీచప్పుడూ లేదు. పొత్తు కలపమని ఆయన వచ్చి అడగాలని తాతయ్య, ఈయన వచ్చి అడగాలని గట్టవతలి తాత. ఇద్దరూ ఎవరి పాక ముందు వాళ్ళు నాగళ్ళు సర్దుకుంటూ కూర్చున్నారు. పొద్దెక్కుతుంటే మామ్మకు ఓపిక నశించింది. ఆవిడే కాడి భుజాన వేసుకుని వచ్చి మా చెలకలో ధబీమని పడేసింది.

"మీ ఇద్దరి బెట్టూ తీరేలోపు పదును ఆరిపోద్ది" అని అటూ ఇటూ వినపడేలా అరిచింది.

ఇద్దరూ వచ్చారు. తలలు వంచుకుని, ఎద్దుల కోసమే వచ్చినట్టుగా. అసలు చిక్కు అప్పుడు బయటపడింది. తాతయ్య మైలెద్దును దాపట నిలబెట్టాడు. గట్టవతలి తాత కర్రెద్దును తెచ్చి, అదీ దాపటే నిలబెట్టబోయాడు. రెండూ దాపటి ఎద్దులే. పక్కపక్క చేలల్లో అన్నేళ్ళు దున్నుకున్నారు గాని, ఒకరి ఎద్దు ఏ పక్క నడుస్తుందో ఇంకొకరు చూడనే లేదు. మామూలుగా ఇరుగుపొరుగు రైతుకు తెలియకుండా ఉండే సంగతి కాదది. చూడకూడదని పంతం పట్టిన వాళ్ళకే సాధ్యం.

ముందు కర్రెద్దును వలపట కట్టి చూశారు. అది అడ్డం తిరిగి కాడిని మెలిపెట్టింది. తాతయ్య దానితో అన్నాడు: "నీకేం తెలుసులేరా, నీకు నేర్పినోళ్ళ తీరే అంత." తర్వాత మైలెద్దును మార్చి కట్టారు. అది ఎడమకు నెడుతూ చాళ్ళన్నీ వంకర చేసింది. గట్టవతలి తాత దాని చెవి దగ్గర చేరి, "పెద్దరికం సరే, కాస్త దారి చూసి నడువు నాయనా" అన్నాడు. అలా ఎద్దుల మీద పెట్టి ఇద్దరూ అన్నేళ్ళ కసి తీర్చుకున్నారు. నేను నవ్వు ఆపుకోలేక బావి చాటుకు పోయాను. తిరిగి వచ్చేసరికి కాడి విప్పేసి, తాటిచెట్టుకు అటొకరు ఇటొకరు కూర్చుని ఉన్నారు. మట్టి పైపైన తెల్లబడుతోంది. అప్పుడు నాకు నవ్వు పోయి ఏడుపొచ్చింది. ఇక నాన్న రావడమే తరువాయి అనిపించింది.

మామ్మ కూడా ఈసారి అరవలేదు. మా తాతయ్య ముందుకొచ్చి నిలబడి, మెల్లగా, నాతో కాదు, ఆయనతోనే అంది.

"దాపటోడు చచ్చిందాకా దాపటోడిగానే ఉండాల్నా అన్నయ్యా?"

తాతయ్య తలెత్తి ఆవిడను చూశాడు. తర్వాత లేచి, మైలెద్దు దగ్గరికి పోయి, గంగడోలు నిమిరి, దాన్ని వలపటికి నడిపించుకొచ్చి కాడి కింద మెడ పెట్టించాడు. తన నాగలి పట్టుకునే మేడిని గట్టవతలి తాత చేతికిచ్చాడు. రైతు తన నాగలి మేడి ఇంకొకరికి ఇవ్వడమంటే ఎంత మాటో నాకు అప్పటికి తెలియదు. గట్టవతలి తాతకు తెలుసు. అందుకే రెండు చేతులతో అందుకున్నాడు.

తాతయ్య మాత్రం మైలెద్దుకు కుడిపక్కన చేరి, దాని మూపురం మీద చెయ్యి వేసి నడవడం మొదలెట్టాడు. అది అలవాటు కొద్దీ కుడివైపు తల తిప్పేది. అక్కడ పుల్లెద్దు లేదు, తాతయ్య ఉన్నాడు. "ఇటు కాదురా, ఇప్పుడు నీ జత అటుంది, అటు చూడు" అని దాని ముట్టె పట్టుకుని మెల్లగా ఎడమకు తిప్పేవాడు. మళ్ళీ నాలుగడుగులకు ఇటే చూసేది. మళ్ళీ తిప్పేవాడు. ఒక్కసారి కూడా కర్ర ఎత్తలేదు. మధ్యాహ్నానికి అది తల తిప్పడం తగ్గించింది. సాయంత్రానికి చాళ్ళు తిన్నగా పడ్డాయి.

ఆగి మంచినీళ్ళు తాగేటప్పుడు తాతయ్య చెంబు అందిస్తూ, "రేపు ముందు నీ చెలక దున్నుదాం బావా" అన్నాడు. గట్టవతలి తాత చెంబు పట్టుకుని తాగడం మర్చిపోయాడు. తర్వాత గబగబా నీళ్ళన్నీ ముఖం మీద కొట్టుకున్నాడు. చెమట కడుక్కుంటున్నాడని ఆ రోజు నమ్మాను.

నాన్న వచ్చేసరికి రెండు చెలకల్లోనూ జొన్న మొలక లేచింది. తాతయ్య రానన్నాడు. నన్ను మాత్రం బస్సు దాకా దింపి, తిరిగి వెళ్ళేటప్పుడు వెనక్కి చూడలేదు. గట్టు మీద ఆయన కోసం ఇంకొకరు నిలబడి ఉన్నారు మరి. వదిలి వెళ్తున్నానన్న బాధ లేకుండా బస్సెక్కాను. వెళ్ళిన ప్రతి సెలవుల్లోనూ ఒకే మంచం మీద ఇద్దరు ముసలాళ్ళు, ఒకే గాడి దగ్గర రెండెద్దులు, అందరికీ వండి పెడుతూ అందరినీ తిడుతూ మామ్మ. ముంజలు ఎవరివన్న తగువు మళ్ళీ మొదలైంది గాని, ఈసారి "నువ్వు తిను" అంటే "నువ్వు తిను" అని.

కాస్త పెద్దయ్యాక ఒకసారి మామ్మను అడిగాను, మీ ఎద్దు పుట్టినప్పటినుంచీ ఒంటిగానే ఉందిగా, ఆ ఏడే ఎందుకు బెంగ పెట్టుకుందని. ఆవిడ పడీపడీ నవ్వింది. "మా కర్రోడు మేత మానటమా? వాడు దొరికితే పాక వాసాలు కూడా నముల్తాడు" అంది. తర్వాత నవ్వాపి, "సాయంత్రం పూట మీ పాకలో పొగ లేవకపోతే చూళ్ళేకపోయానే తల్లీ" అంది.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. పెళ్ళయి నేను జగ్గయ్యపేట వచ్చాను, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, మా ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆయన పోయిన కొత్తలో నేనూ పలకరించిన ప్రతివాళ్ళలో ఆయన కోసమే వెతికాను. ఎవరూ ఆయనలా మాట్లాడరు, ఆయనలా వినరు. ఎవరైనా వచ్చి కూర్చుంటే, ఎప్పుడు వెళ్తారా అనిపించేది. అలా ఒంటిగా ఉండి ఉండి ఒకరోజు, మైలెద్దు ముట్టె పట్టుకుని నడిచిన తాతయ్య గుర్తొచ్చాడు. పోయిన మనిషి చోటును ఆయన ఎవరితోనూ నింపలేదు. తనున్న చోటే మార్చుకున్నాడు. ఆ సాయంత్రమే వెళ్ళి, అత్తగారి నగల దగ్గర మాటపట్టింపు వచ్చి ఏనాడో పలకరింపులు మానేసిన, నాలాగే ఒంటిగా ఉంటున్న మా తోటికోడలి తలుపు తట్టాను. తలుపు తీసి ఆకాశంకేసి చూస్తుందేమోనని భయపడ్డాను. చూడలేదు. "ఇన్నాళ్ళకా అక్కా!" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఇప్పుడు మేమిద్దరం కలిసే ఉంటున్నాం. ఆవిడ వాగుడుకాయ, నాకు మౌనం అలవాటు. వినడం నేర్చుకుంటున్నాను.