ఉషశ్రీ అరిచిన ఆదివారాలు

ఎంసెట్‌లో మంచి ర్యాంకు రాలేదని 2002లో రామకోటేశ్వరరావు కూతురు ఉషశ్రీని మళ్ళీ విజయవాడ హాస్టల్లో చేర్చాడు. అక్కడ గట్టిగా నవ్వినా వార్డెన్ కేకలేసేది. ఆదివారాలు మాత్రం మేనత్త ఇంటికి పంపేవారు.

మేనత్త కొడుకు చక్రికి గిటారు పిచ్చి. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే తౌసిఫ్ డ్రమ్ములు వాయిస్తాడు. సెలవురోజు ఖాళీగా ఉండే షెడ్డులో ఇద్దరూ ‘బుడమేరు’ అనే బ్యాండు పెట్టారు. క్రస్ట్ పంక్, గ్రైండ్‌కోర్ అనేవారు దాన్ని. గిటారు రంపంలా కోస్తుంది, డ్రమ్ములు ఊపిరాడనివ్వవు, పాట మొదలైందనుకునేలోపే అయిపోతుంది. పాడటమంటే గొంతు చించుకోవడమే.

ఓ ఆదివారం ఉషశ్రీ చూద్దామని వెళితే, వాళ్ళ బ్యాండులో పాడే కుర్రాడు రాలేదు.

“నువ్వోసారి అరవ్వే, సౌండు చూసుకుంటాం,” అన్నాడు చక్రి.

“ఏమని అరవను బావా?”

“నీకేది ఒళ్ళుమంటో అది.”

ఆమెకు హాస్టల్ రూల్సు తప్ప ఏమీ తోచలేదు. కళ్ళు మూసుకుని అందుకుంది. “మాట్లాడకు! నవ్వకు! కిటికీ తియ్యకు!” తన గొంతుకి తనే జడుసుకుంది. తౌసిఫ్ వాయించడం మానేసి చూస్తున్నాడు.

“ఇంకోసారండీ,” అన్నాడు మెల్లగా.

ఆ కుర్రాడు మళ్ళీ రాలేదు. పాడే పని ఉషశ్రీదే అయింది.

పరీక్షలయ్యాక గవర్నర్‌పేటలో చిన్న హాలు తీసుకుని ఒకే ఒక్క ప్రోగ్రాం ఇచ్చారు. వచ్చినవాళ్ళలో సగం మంది షెడ్డు మేస్త్రీలే. అంతా అయిపోయి వైర్లు చుడుతుంటే హాలు మేనేజరొచ్చి, “టెస్టింగ్ అయిందామ్మా? పాటలెప్పుడు మొదలెడతారు?” అన్నాడు. మేస్త్రీలు ఈలలేశారు. ఉషశ్రీకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

తెల్లారేసరికి గొంతు పోయింది. మళ్ళీ అరిస్తే ఉన్నది కూడా దక్కదన్నాడు డాక్టరు. అదే నెలలో చక్రికి వైజాగులో ఉద్యోగమొచ్చింది. బ్యాండు అంతటితో ఆగిపోయింది.

ఈసారీ ర్యాంకు అంతంతమాత్రమే. తండ్రి మళ్ళీ హాస్టల్ మాటెత్తాడు.

“నేను వెళ్ళను నాన్నా. బీఎస్సీ చదువుకుంటా.”

అది గుసగుసగానే వచ్చింది. వినబడక ఆయన దగ్గరికొచ్చి వంగాడు. ఆమె మళ్ళీ అదే మాట అంది. ఆయన కూతురి మొహంలోకి చూసి, “సర్లేమ్మా,” అన్నాడు.

తర్వాత ఆమె మంగళగిరిలో లెక్కల టీచరయింది. గొంతులో జీర మాత్రం పోలేదు. తౌసిఫ్ పెళ్ళికి వెళితే పెళ్ళికూతురు ఆస్మా చెయ్యి పట్టుకుంది.

“మీరు పాడేవారంటగా అక్కా, ఒకటి పాడరూ?”

ఉషశ్రీ జవాబిచ్చేలోపే తౌసిఫ్ కంగారుగా అందుకున్నాడు.

“ఇప్పుడొద్దు. ముందు జనం భోంచెయ్యాలి.”